అరకు వెళ్తున్నారా? ఒక్క ఉదయం పిట్టలకివ్వండి

చలికాలంలో శని, ఆదివారాలు వస్తే చాలు, అనంతగిరి ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. వంజంగి మేఘాలు చూడాలని అర్ధరాత్రి దాటగానే పాడేరు వైపు బయల్దేరేవాళ్లు కొందరు. తెల్లారేసరికి లంబసింగి, మధ్యాహ్నానికి అరకు, సాయంత్రానికి బొర్రా గుహలు ముగించేయాలని లెక్కలు వేసుకునేవాళ్లు ఇంకొందరు. 2017లో కిరండూల్ రైలుకు అద్దాల పెట్టె తగిలించాక రైల్లో వెళ్లాలనే సరదా కూడా పెరిగింది. 2025 జనవరి 31 నుంచి మూడు రోజులపాటు ప్రభుత్వమే అరకులో చలి ఉత్సవం జరిపింది. ఇంతమంది ఎందుకు వెళ్తున్నట్టు? ఎవర్ని అడిగినా వచ్చే జవాబు దాదాపు ఒకటే: ‘కాస్త మనసు తేలికపడుతుందని.’

మంచి కోరికే. కానీ సోమవారం ఉదయం ఆఫీసుకెళ్లేటప్పుడు మీ ఒళ్లు ఎలా ఉంటోందో గుర్తు చేసుకోండి. రెండు రాత్రుల నిద్ర బాకీ, మెడ నొప్పి, ఘాట్‌లో వాంతులతో నీరసపడిన పిల్లలు, ఫోన్ నిండా ఒకేలాంటి ఫొటోలు. కొండకు వెళ్లొచ్చాం గానీ కొండ మనకేం ఇచ్చిందో తెలియదు. ప్రకృతిలో గడిపితే మనసుకు మేలు జరుగుతుందని చెబుతున్న పరిశోధనలను ఒక పక్కన, మనం అరకులో చేస్తున్న పనులను మరో పక్కన పెట్టి చూస్తే రెండింటికీ పొంతన కుదరదు. ఆ పరిశోధనల్లో తరచూ కనిపించేవి పక్షులు, మనం కొండమీద మొట్టమొదట తరిమేసేవి కూడా అవే.

చూసినా విన్నా మేలే

లండన్‌లోని కింగ్స్ కాలేజీ శాస్త్రవేత్తలు 1,292 మందితో చేసిన అధ్యయనాన్ని 2022లో ప్రచురించారు. ఫోన్ యాప్ రోజుకు కొన్నిసార్లు వాళ్లను పలకరించి, ఇప్పుడు మీకు పిట్ట కనిపిస్తోందా, దాని కూత వినిపిస్తోందా, మనసెలా ఉంది అని అడిగేది. పిట్టను చూసినప్పుడో విన్నప్పుడో వాళ్ల మానసిక స్థితి మెరుగ్గా ఉంది. ఆ మెరుగు ఎనిమిది గంటల వరకూ నిలిచినట్టు తేలింది. డిప్రెషన్ ఉన్నట్టు చెప్పినవాళ్లలోనూ ఇదే కనిపించింది.

అదే ఏడాది బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 295 మందికి ఆరు నిమిషాలపాటు శబ్దాలు వినిపించారు. కొందరికి పిట్టల కూతలు, కొందరికి ట్రాఫిక్ రొద. పిట్టల కూతలు విన్నవాళ్లలో ఆందోళన, అకారణమైన అనుమానాలు తగ్గాయి. దిగులు మీద మాత్రం ఆ కూతలు ప్రభావం చూపలేదు. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెప్పాలంటే, ఇలాంటి వార్త చదవగానే ‘అయితే మందులు మానేయొచ్చు’ అనుకునేవాళ్లు ఉంటారు. డిప్రెషన్‌కు డాక్టరు రాసిన మాత్రలు అలాగే వాడాలి. పిట్టలు వాటికి తోడు.

మోతాదు ఎంత అనేవారికి ఇంకో లెక్క ఉంది. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది వివరాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని చెప్పే అవకాశం ఎక్కువ. ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా ఫలితం ఒకటే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా బయట తిరుగుతారు కదా అన్న అనుమానం మీకు వస్తే అది సబబైనదే. ఇలాంటి సర్వేలకు ఆ పరిమితి ఉంటుంది.

పిల్లల కళ్ల విషయంలో ఇంతకంటే గట్టి ఆధారం దొరికింది. చైనాలోని గ్వాంగ్‌ఝౌ బడుల్లో కొందరు పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపేలా చేశారు. మూడేళ్ల తర్వాత ఆ పిల్లల్లో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది 30.4 శాతం మందికి. మామూలుగా చదువుకున్నవాళ్లలో అది 39.5 శాతం. ఏడో తరగతికే కళ్లద్దాలు మారుస్తున్న ఇళ్లలో ఇది చిన్న తేడా కాదు. ‘బయటికెళ్లి ఆడుకో’ అంటే ఫోన్ వదలని పిల్లలు కూడా, ‘ఆ కొమ్మ మీద తోక ఆడిస్తున్నదేంటో చూడు’ అంటే లేచి వస్తారు.

చలికాలపు చుట్టాలు

మరి అరకే ఎందుకు? చలికాలమే ఎందుకు? మనం చలి చూద్దామని కొండెక్కే రోజుల్లోనే, హిమాలయాల చలి తట్టుకోలేని చిన్న పిట్టలు మన కొండలకు దిగుతాయి. సెప్టెంబరు నుంచి ఒక్కొక్కటిగా వచ్చి, మార్చి, ఏప్రిల్ దాకా ఉండి వెళ్లిపోతాయి. మైలుతుత్తం రంగులో మెరిసే వెర్డిటర్ ఫ్లైక్యాచర్ ఎత్తయిన కొమ్మ చివర కూర్చుంటుంది. పొట్ట కింద పసుపు పూసుకున్నట్టుండే బూడిదరంగు జిట్టంగి వాగు రాళ్ల మీద తోక ఎగరేస్తూ తిరుగుతుంది. ఏడెనిమిది గ్రాములు మించని గ్రీనిష్ వార్బ్లర్ ఆకుల్లో కలిసిపోయి కనబడదు గానీ, దాని ‘చిస్‌వీ’ కూత మాత్రం కొండంతా వినిపిస్తుంది.

ఈ చిన్న ఆకుపచ్చ పిట్టను తేలిగ్గా తీసుకోకండి. 1970ల్లో ట్రెవర్ ప్రైస్ అనే ఇంగ్లిషు యువకుడు మన తూర్పు కనుమల్లో ఏ పక్షి ఏ కాలంలో కనిపిస్తుందో ఓపికగా రాసుకున్నాడు. 1979లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం ఈ కొండల పక్షులకు ఇప్పటికీ ఆధారమే. గ్రీనిష్ వార్బ్లర్ చలికాలమంతా తనకంటూ కొన్ని చెట్లను సొంతం చేసుకుని, మరో పిట్టను రానివ్వకుండా కాచుకుంటుందని ఆయన గమనించాడు. అంటే అది మన దగ్గరికి టూరిస్టులా చూసిపోవడానికి రాదు, కాపురానికి వస్తుంది. ఏడాదిలో సగానికి పైగా దాని చిరునామా మన కొండే.

ఆయనతో కలిసి పనిచేసిన విశాఖవాసి కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? తూర్పు కనుమల్లో కనిపించే అబాట్స్ బాబ్లర్ అనే గోధుమరంగు పిట్ట ఉపజాతికి 1985లో అమెరికా శాస్త్రవేత్తలు డిల్లాన్ రిప్లీ, బ్రూస్ బీలర్ ఆయన పేరే పెట్టారు: ‘కృష్ణరాజుయి’. ఈ పిట్ట దగ్గరి బంధువులు ఉన్నది ఎక్కడో ఈశాన్య భారతంలో. మధ్యలో వందల మైళ్ల మేర దాని జాడ లేదు. కృష్ణరాజు, ప్రైస్ కలిసి 1973లో ఈ కొండల్లో చెట్టు పిచ్చుకలు ఉన్నట్టు కూడా రాశారు. మన ఊరపిచ్చుకకు అన్నదమ్ముడిలా ఉంటుంది, తల గోధుమరంగు, తెల్లటి బుగ్గ మీద నల్లటి చుక్క. కొండ గ్రామాల్లో పిచ్చుకలు కనిపిస్తే బుగ్గలు చూడండి.

ఈ చెట్టు పిచ్చుక, బూడిదరంగు జిట్టంగి ఉత్తర ఇంగ్లండ్‌లోనూ ఉన్నాయి. అక్కడ చలికాలంలో ఉదయం ఎనిమిదైతే గానీ తెల్లారదు, నాలుగింటికే చీకటి. అయినా గొడుగు, ఫ్లాస్కు పట్టుకుని ముసలివాళ్లు కూడా పిట్టలు చూడటానికి వెళ్తారు. 1979 నుంచి ఏటా జనవరి చివరి శని, ఆదివారాల్లో ఇంటి పెరట్లో గంటసేపు పక్షుల్ని లెక్కపెట్టే అలవాటు ఆ దేశమంతటా ఉంది. మన అరకు జనవరి వాళ్ల జనవరితో పోలిస్తే స్వర్గం. ఎండ ఉంటుంది, ఆకు ఉంటుంది, పువ్వు ఉంటుంది. మనకు లేనిది ఆ గంటసేపు కూర్చునే ఓపికే.

కాఫీ తోటకొచ్చిన పురుగు

2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అరకు పేరు వార్తల్లో పదేపదే వినిపించింది, టూరిజం వల్ల కాదు. అరకులోయ మండలం పకనకుడి దగ్గర కాఫీ కాయల్లో బెర్రీ బోరర్ అనే కాయతొలుచు పురుగు కనిపించింది. నువ్వుగింజ కంటే చిన్నదైన నల్లటి పెంకు పురుగు. కాయకు బెజ్జం చేసి లోపల గుడ్లు పెడుతుంది, పిల్లలు గింజను తినేస్తాయి. మన దేశంలోకి 1990లో నీలగిరుల వైపు వచ్చిన ఈ పురుగు ఇన్నేళ్లకు అరకు చేరింది. సోకిన కాయల్ని కోసి, మరిగే నీళ్లలో ముంచి, గోతుల్లో పూడ్చే పని పెద్ద ఎత్తున సాగింది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. గిరిజన కుటుంబాలకు ఏడాది మొత్తంలో చేతికి అందే డబ్బు ఎక్కువగా ఈ కాయల మీదే. మీరు దారిలో కొనే కాఫీ పొడి ప్యాకెట్ వెనక ఉన్న కథ ఇది.

దీనికీ పిట్టలకూ ఏం సంబంధం? కోస్టారికాలో శాస్త్రవేత్తలు కొన్ని కాఫీ మొక్కల మీద పిట్టలు వాలకుండా వలలు కప్పి, కొన్నింటిని మామూలుగా వదిలేశారు. పిట్టలు తిరిగిన మొక్కల్లో ఈ పురుగు బెడద దాదాపు సగానికి తగ్గింది. తోట చుట్టూ అడవి చెట్లు ఉన్నచోట ఆ పని చేసే పిట్టలు ఎక్కువగా కనిపించాయి. 2013లో వచ్చిన ఈ ఫలితాన్ని తెచ్చి అరకుకు యథాతథంగా అంటించలేం. పేరు వార్బ్లరే అయినా అక్కడి పిట్టలది వేరే కుటుంబం, చెట్లు వేరు, వానలు వేరు. పిట్టలుంటే కాయలు కోసి పూడ్చే శ్రమ తప్పుతుందని రైతుకు ఆశ పెట్టడమూ తప్పే. అయితే ఒకటి మాత్రం ఖాయం. ఆకు కిందా బెరడు సందుల్లోనూ రోజంతా పురుగులు ఏరుకుని బతికే వేలాది చిన్న ప్రాణులు ప్రతి చలికాలం ఈ తోటల్లో పైసా కూలీ లేకుండా పనిచేస్తున్నాయి. కంగారులో విచ్చలవిడిగా మందు కొడితే ముందు పోయేది వాటి తిండి. రసాయనాలు లేకుండా పండుతుందన్న పేరే అరకు కాఫీకి మార్కెట్లో బలం, అదీ పోతుంది.

నీడ చెట్ల సంగతీ ఉంది. అరకు కాఫీకి ఎక్కువగా నీడనిచ్చేది సిల్వర్ ఓక్. మిరియాల తీగ పాకడానికి బాగుంటుంది, నిటారుగా పెరుగుతుంది, కానీ అది ఆస్ట్రేలియా చెట్టు. మన మర్రి జాతి చెట్లు, పనస, నేరేడు ఇచ్చే పళ్లు అది ఇవ్వలేదు. పశ్చిమ కనుమల్లో కాఫీ, పోక, రబ్బరు తోటలను పోల్చి 2016లో ప్రచురించిన అధ్యయనంలో పిట్టల రకాలు ఎక్కువగా కనిపించింది కాఫీ తోటల్లోనే. కారణం ఆ తోటల్లో మిగిలిన అడవి చెట్లు. సుంకరిమెట్ట దగ్గర చెక్క వంతెన మీద నడిచేటప్పుడు ఒకసారి తలెత్తి చూడండి. సిల్వర్ ఓక్ వరుసల మధ్య ఎక్కడైనా పాత అడవి చెట్టు మిగిలి ఉంటే, కాసేపు దాని కింద నిలబడండి. పిగిలిపిట్టలు, తేనెపిట్టలు, వంగపండు పిట్టలు ఎక్కడికి వస్తాయో మీకే తెలుస్తుంది.

స్పీకరు ఒక్కటి చాలు

ఇప్పుడు మన వంతు. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఓ కొండ మీద, రోడ్డే లేని చోట, చెట్లకు స్పీకర్లు కట్టి ట్రాఫిక్ శబ్దం మాత్రమే వినిపించారు. బండి లేదు, పొగ లేదు, మనిషి లేడు. కేవలం చప్పుడు. వలస దారిలో అక్కడ దిగే పిట్టల సంఖ్య నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ఉండిపోయిన పిట్టల్లోనూ కొన్ని సరిగా తిండి దొరక్క బరువు పెరగలేదు. పిట్ట తింటున్నప్పుడు ఒక కన్ను, ఒక చెవి శత్రువు మీదే ఉంటాయి. చెవి పనిచేయకపోతే మాటిమాటికీ తలెత్తి చూసుకోవాలి, అప్పుడు ముక్కు పనిచేయదు.

వ్యూ పాయింట్ దగ్గర కారు తలుపులు నాలుగూ తెరిచి పాటలు పెట్టే అలవాటును ఈ వెలుగులో చూడండి. టెంట్ల దగ్గర అర్ధరాత్రి దాకా డీజే, తెల్లవారుజామున డ్రోన్, దారి పొడవునా హారన్. మనసు తేలిక చేసే శబ్దాన్ని వెతుక్కుంటూ వంద కిలోమీటర్లు వెళ్లి, దాన్ని నోరెత్తనివ్వకుండా చేసి వస్తున్నాం. ఆ రాత్రి పక్క గ్రామంలో నిద్రలేని మనుషులూ ఉంటారు, తెల్లారితే వాళ్లకు కాఫీ కోత పని ఉంటుంది.

పర్యాటక శాఖ గదులు, జనం సంఖ్య లెక్కపెట్టడంలో చూపే శ్రద్ధ నిశ్శబ్దం మీద చూపితే బాగుండేది. ఉత్సవం చేయడం తప్పు కాదు, ఆ డబ్బు స్థానికులకూ అందుతుంది. అదే ఉత్సవంలో రోజూ ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు మైకు ముట్టకూడదని ఒక్క నిబంధన పెట్టి, స్థానిక గిరిజన యువకులకు శిక్షణ ఇచ్చి సందర్శకులను చిన్న బృందాలుగా తోటల్లో నడిపిస్తే ఖర్చు పెద్దగా ఉండదు. అనంతగిరి దారిలోని త్యాడ చాలాకాలంగా పక్షి ప్రేమికులకు తెలిసిన చోటే. అక్కడ పనికొచ్చే పద్ధతి అరకులో పనికిరాదనడానికి కారణం లేదు. కొండ మీద పుట్టి పెరిగిన కుర్రాడు కూత విని చెప్పే పిట్టను మనం పుస్తకంలో వెతికి పట్టుకోవడానికి పావుగంట పడుతుంది. అతనికి ఇచ్చే రోజు కూలీ మీ ప్రయాణ ఖర్చులో అన్నింటికంటే సార్థకమైనది.

ఎలా చూడాలి, ఏం జాగ్రత్త

పెద్ద తయారీ అక్కర్లేదు. బైనాక్యులర్ కొనాలనుకుంటే 8x42 అని రాసి ఉన్నది ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు. లేకపోయినా ఫర్వాలేదు, చెవులున్నాయి. తోట అంచున ఒకచోట కూర్చోండి. పది, పదిహేను నిమిషాలు ఏమీ కనిపించకపోవచ్చు, పిల్లలు ‘ఏం లేదు, పోదాం’ అంటారు. చలికాలంలో చిన్న పిట్టలు రకరకాల జాతులు కలిసి గుంపుగా మేతకు తిరుగుతాయి. అందుకే అప్పటిదాకా ఖాళీగా ఉన్న చెట్టు ఉన్నట్టుండి పిట్టలతో నిండిపోతుంది. వాటి మధ్య పసులపోలిగాడి జాతి పిట్ట ఒకటి కాపలాదారులా ఉండి, డేగ కనిపిస్తే అరుస్తుంది. ఫోన్లో కూత రికార్డు పెట్టి పిట్టను పిలవడం మాత్రం వద్దు. తన చెట్టు ఎవరో ఆక్రమించారని అది మేత మానేసి కొట్లాటకు వస్తుంది.

బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దలు చీకటి చలిలో బయటికి రాకపోవడమే మంచిది. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. ఎండ తగిలాక ఏడున్నరకు బయల్దేరినా పిట్టలు తొమ్మిదిన్నర దాకా చురుగ్గానే ఉంటాయి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులోనే పెట్టుకోండి, క్యాంప్‌ఫైర్ పొగకు దూరంగా కూర్చోండి.

పొదల్లో, గడ్డిలో తిరిగేవాళ్లు స్క్రబ్ టైఫస్ గురించి తెలుసుకోవాలి. 2025 చివర్లో రాష్ట్రంలో ఈ జ్వరం వార్తలు మనందరం చదివాం. కంటికి ఆనని నల్లి పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. నిండు చేతుల చొక్కా, సాక్సులోకి దోపిన ప్యాంటు, గడ్డి మీద నేరుగా కూర్చోకుండా ఓ దుప్పటి, తిరిగొచ్చాక వేడినీళ్ల స్నానం, బట్టలు ఉతకడం. ఏజెన్సీలో మలేరియా కూడా ఉంది కాబట్టి రాత్రి దోమతెర, ఒంటికి దోమల మందు తప్పనిసరి. వచ్చిన రెండు, మూడు వారాల్లోపు జ్వరం వస్తే ‘అరకు వెళ్లొచ్చాం’ అన్న మాట డాక్టరుకు చెప్పండి. ఒంటి మీద సిగరెట్ కాలినట్టు నల్లటి పుండు ఉందేమో చంకలు, గజ్జలు, నడుము దగ్గర చూసుకోండి. త్వరగా గుర్తిస్తే స్క్రబ్ టైఫస్ డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందులకే లొంగుతుంది. ఆలస్యమైతే ప్రాణం మీదకు వస్తుంది.

బర్డ్ ఫ్లూ సంగతేంటని అడుగుతారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో అది బయటపడ్డాక ఆ భయం సహజమే. ఆ మార్చిలో పల్నాడు జిల్లాలో ఓ పసిబిడ్డ ప్రాణం పోయింది, పచ్చి కోడిమాంసం ముక్క తినిపించడమే కారణమని వార్తలొచ్చాయి. కొమ్మ మీది పిట్టను దూరం నుంచి చూడటంలో ఆ ప్రమాదం లేదు. చచ్చిన పక్షిని, గూటిని, రెట్టను పిల్లలు ముట్టుకోకుండా చూడండి. వంటింట్లో మాంసం బాగా ఉడికించండి.

అరకు ప్రయాణం కుదరనివాళ్లు దిగులు పడనక్కర్లేదు. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది. డాబా మీదో, వీధి చివర పార్కులోనో కనీసం పదిహేను నిమిషాలు నిలబడి, కనిపించిన పిట్టలన్నింటినీ లెక్కపెట్టి ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో రాస్తే చాలు. ఇలా మామూలు జనం రాసిన మూడు కోట్ల నమోదుల ఆధారంగానే 2023లో దేశ పక్షుల స్థితిగతుల నివేదిక వచ్చింది. అందులో పరిశీలించిన 942 జాతుల్లో 178 జాతులను వెంటనే కాపాడుకోవాల్సిన జాబితాలో చేర్చారు. కొండ ప్రాంతాల నుంచి నమోదులు పెరిగితే అక్కడి పిట్టల లెక్క ఇంకా సరిగ్గా తేలుతుంది. మీరు అరకు తోటలో కూర్చుని రాసే పది పేర్లూ ఆ లెక్కలో చేరతాయి. అక్కడ సిగ్నల్ సరిగా ఉండదు, కాగితం, పెన్సిలు తీసుకెళ్లండి. రాత్రి గదికొచ్చాక పిల్లలతో ఎక్కించవచ్చు.